మీటరు లోపలి పావుగంటలు

మా ఊళ్లో పాలకేంద్రం నేనే నడుపుతాను. పొద్దున ఐదున్నరకు తెరిచి ఏడున్నరకు మూస్తాను. మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా. పాలు పోసిన ప్రతి మనిషికీ యంత్రం ఒక చీటీ కొట్టి ఇస్తుంది. ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు పోశారు, అన్నీ అందులో ఉంటాయి.

నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు ఆగలేదు. కేంద్రం మొదలైన కొత్తలో ఒకసారి కంప్యూటరు మొరాయించి, పాలయంత్రం నుంచి అంకెలు దానిలోకి రావడం మానేశాయి. బాగుచేసే మనిషి పది రోజులన్నాడు. పది రోజులు చేత్తో రాస్తూనే, యంత్రంతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. యంత్రానికీ కంప్యూటరుకూ మధ్య ఉన్న వైరులో ఏముందో అప్పుడు తెలిసింది. ఒక దీపాన్ని చాలా వేగంగా ఆర్పి వెలిగించినట్టే అది. ఆరితే సున్నా, వెలిగితే ఒకటి. ఎనిమిదేసి కలిపితే ఒక అక్షరం. ఎంత వేగంతో పంపుతున్నారో తెలిస్తే చాలు, ఎవరైనా చదువుకోవచ్చు. ఎనిమిదో రోజుకే నా అంకెలు నేను రప్పించుకున్నాను. పదో రోజు వచ్చిన మనిషి మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

ఇదంతా ముందుగా చెప్పడం ఎందుకంటే, బోరు మీటరుతో నేను చేసిన పని చూసి ఊళ్లో కొందరు అదేదో విద్య అనుకున్నారు. విద్య కాదు. ఒకసారి చేసిన పనిని రెండోసారి చేయడం, అంతే.

మాకు నూట నలభై చీనీ చెట్లున్నాయి, బత్తాయి అంటారే, అవి. ఆ ఏడు వాటికి ఆరో ఏడు. మొదటిసారి కొమ్మలు వంగేటట్టు కాశాయి. ఎండలు ముదిరేనాటికి కాయ నిమ్మకాయంత అయింది. సరిగ్గా అప్పుడు బోరు తగ్గింది. శింగనమల చెరువు కింద ఉన్నవాళ్లకు మా బాధ తెలియదు. మేము ఎగువన, గుట్ట పక్క. మాకు నీళ్లంటే బోరులో నీళ్లే. కాయ మీద ఉన్న చీనీ చెట్టుకు పది రోజులు నీళ్లు తప్పితే కాయ రాలుతుంది. నెల తప్పితే చెట్టే పోతుంది.

మా పక్క తోట మా బావది. బావ అంటే మా ఆయనకు పెదనాయన కొడుకు. ఆయనకు నూట పది చెట్లు. ఆయన బోరు మా బోరుకు తొంభై అడుగుల దూరం. అవి నా పాదాల అడుగులు, నేనే వేసి లెక్కపెట్టాను. రెండు బోర్లూ ఒకే ఏడు వేసినవి. ఆ వేసవిలో రెండూ ఒకేసారి తగ్గాయి. రెండు తోటల మధ్య మాటలూ తగ్గాయి. బావ పెద్ద మోటారు దించినాడని మా ఆయన అనుమానం. మేము బోరును ఇంకా లోతు చేయించామని బావ అనుమానం. ఎవరూ ఎవరినీ అడగలేదు.

మా ఆయన నీళ్లు చూసే మనిషిని పిలిపించాడు. ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని తోటంతా నడిచాడు. గట్టు దగ్గర టెంకాయ నిలబడింది. అక్కడ సున్నం గుర్తు వేశారు. బోరు బండి సోమవారం వస్తానంది. ఆ గుర్తు నుంచి బావ బోరుకు నలభై అడుగులు కూడా లేదు. అక్కడ మేము తొమ్మిది వందల అడుగులు దించితే ముందు ఎండేది బావ బోరు. ఆ తర్వాత ఆయనా దించుతాడు. అట్లా దించుకుంటూ పోయి, రెండు తోటలూ నరికి పొయ్యిలో పెట్టుకున్న ఊళ్లు నాకు తెలుసు.

"బోరు నిజంగా ఎండిందా అని నాకు అనుమానం" అన్నాను మా ఆయనతో.

"అనుమానమేంటికే? కండ్లతో సూస్తాండావు గదా, పైపు దగ్గుతాండాది."

"దగ్గు ఎన్నింటికి మొదలైతాది?"

"పొద్దున."

"పొద్దున అంటే?"

"పొద్దున అంటే పొద్దునే! దానికి గూడా చీటీ కొట్టియ్యల్లనా నీకు?"

ఆయన ఎగతాళికే అన్నాడు. నాకు మాత్రం అదే కావాలి. బోరు మొత్తానికే ఎండిందా, లేక నీళ్లుండీ మేము తీసే తీరులో తప్పుందా? సోమవారం లోపల ఇది తేలాలి. తేలకపోతే బండి వస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం బిల్లులు తీసే మనిషి మా బోరు దగ్గరికి వచ్చాడు. ఆయన చేతిలో చిన్న మిషను, దానికొక వైరు, వైరు చివర గుండ్రటి అయస్కాంతపు బిళ్ల. ఆ బిళ్లను మీటరు ముఖం మీదున్న గుండ్రటి చోట అంటిస్తే చాలు, మిషను కూత పెడుతుంది. మామూలుగా రెండు క్షణాల పని. ఆ రోజు కూత వినపడలేదు. ఆయన స్టార్టరు డబ్బా నీడలో గొంతుక్కూచున్నాడు.

"ఏమప్పా, ఇంతసేపా?"

"నాలుగు నిమిషాలు పడుతాదక్కా. ఈ నెల పావుగంటల లెక్కంతా దించుకోమన్నారు. మీటరు పావుగంటకొకసారి ఎంత కరెంటు పోయిందో రాసి పెట్టుకుంటాది. నలభై రోజులది ఉంటాది. ఆ పైన పాతదాని మీద కొత్తది రాసుకుంటాది."

నేను చేస్తున్న పని వదిలేసి ఆయన పక్కన కూచున్నాను. మోటారు నీళ్లు ఎత్తేటప్పుడు ఎక్కువ కరెంటు తాగుతుంది. గాలి పీల్చేటప్పుడు తక్కువ తాగుతుంది. అంటే నలభై రోజులుగా మా బోరు ఏ పావుగంటలో నిండుగా ఇచ్చిందో, ఏ పావుగంటలో దగ్గిందో ఆ డబ్బాలో రాసి ఉంది. మేమందరం పైపు వైపు చూస్తూ కూచున్నాం.

"నీ మిషన్లో చూపించు" అన్నాను.

"దీంట్లో కనపడదక్కా. ఆఫీసులో దించితేనే. అర్జీ పెట్టుకో, వచ్చే నెలకు చూపిస్తారు."

వచ్చే నెలకు చెట్లు ఉండవు. "రేపు ఏ దావన పోతావు?" అని అడిగాను. మా దారినే వస్తానన్నాడు.

ఆ మధ్యాహ్నమే పాలకేంద్రంలో మూలన పడేసిన పాత మౌసు విప్పాను. కింద గోళీ ఉండే రకం. గోళీ తిరిగినప్పుడు లెక్కపెట్టడానికి దానిలో కంటికి కనపడని వెలుగునిచ్చే చిన్న దీపమూ, ఆ వెలుగును చూసే నల్ల కన్నూ ఎదురెదురుగా ఉంటాయి. ఎన్నోసార్లు దుమ్ము తుడిచాను కాబట్టి నాకు అవి తెలుసు. మీటరు ముఖం మీదున్న ఆ గుండ్రటి చోట జరిగేదీ ఇదే పని. మిషను వెలుగుతో అడుగుతుంది, మీటరు వెలుగుతో చెబుతుంది. దీపాన్నీ కన్నునూ పాల నమూనా సీసా మూతలో బిగించాను. పాడైన రేడియో స్పీకరు అయస్కాంతాన్ని మూత చుట్టూ అంటించాను. పాలయంత్రం కోసం కొని ఉంచిన రెండో కేబులుతో కంప్యూటరుకు కలిపాను. సాయంత్రం పాలు పోసేవాళ్లు వచ్చేలోగా పని అయిపోయింది.

బుధవారం పొద్దున పాల వేళ అయ్యాక కంప్యూటరును బోరు దగ్గరికి తెచ్చి పెట్టుకున్నాను. బిల్లు మనిషి వచ్చాడు. నా మూతను చూసి నవ్వాడు.

"పాలల్లో నీళ్లు పట్టుకుండేది సాలక, కరెంటులో గూడా పట్టుకోను తయారైనావా అక్కా?"

"నువ్వు అడుగుతావు, అది చెప్తాది. నేను పక్కన కూచోని వింటా. అంతే."

"సీలు జోలికి మాత్రం పోవద్దు. సీలు తెగితే నీ మీద కేసు, నా మీద కేసు."

"సీలు నీ కండ్ల ముందరే ఉండాది గదప్పా. పోయేటప్పుడు ఇంకోసారి సూసుకోని పో."

ఆయన బిళ్లను కాస్త ఎత్తి పట్టుకోమని, ఆ సందులో నా కన్ను పెట్టాను. మొదటిసారి కంప్యూటరు తెర మీద చెత్త వచ్చింది. వేగం తప్పన్నమాట. సెకనుకు తొమ్మిది వేల ఆరు వందల మిణుకుల వేగం పెట్టి విన్నాను. దాన్ని సగం చేశాను. మళ్లీ చెత్తే. ఇంకా సగం చేసి, రెండు వేల నాలుగు వందలు పెట్టినప్పుడు చెత్త తగ్గి, ప్రతిసారీ ఒకేలా వచ్చే వరుస కనపడింది. దానికి ఆయన చేత నాలుగుసార్లు బిళ్ల పెట్టించాను. తర్వాత నాలుగు నిమిషాల పెద్ద లెక్కను మొదటి నుంచి చివరిదాకా పట్టుకున్నాను. ఆయన రెండు చెంబుల మజ్జిగ తాగి, సీలు ఇంకోసారి చూసుకుని వెళ్లాడు.

ఇక మిగిలింది చదవడం. చదవడానికి నా పద్ధతి ఒకటే. తెలిసిన అంకెతో తెలియనిదాన్ని వెతకడం. ఆ రోజు మీటరు తెర మీద ఒకదాని తర్వాత ఒకటి వచ్చే పన్నెండు అంకెలను నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇప్పుడు వాటిని ఆ వరుసలో వెతికాను. యూనిట్ల అంకె 45127 అని ఉంది. ఎక్కడా కనపడలేదు. గంటసేపటికి ఒకచోట 27, 51, 04 కనపడ్డాయి. మీటరు అంకెను రెండేసిగా విరిచి, చివరి ముక్కను ముందు పంపుతోంది. మిగతా పదకొండు అంకెలూ అదే తీరుగా దొరికాయి. పన్నెండుకు పన్నెండు దొరికితే అది ఇక ఊహ కాదు.

ప్రతి వరుస చివర ఒక అర్థంకాని ముక్క మిగిలింది. పాలయంత్రంలోనూ అట్లాంటిది ఉండేది. ముందున్నవన్నీ కూడి, ఆ మొత్తం తోకను చివర తగిలిస్తారు, మధ్యలో ఏదైనా చెడితే తెలిసిపోవాలని. కూడి చూశాను. సరిపోయింది. నా మూతలో పట్టుకున్నదాంట్లో తప్పు లేదని మీటరే సంతకం పెట్టినట్టయింది.

పావుగంటల పట్టిక గురువారం విడిపోయింది. దాన్ని ఆకారం చూసే గుర్తుపట్టాను. రోజుకు తొంభై ఆరు పావుగంటలు. ఆ నెల మా లైనుకు కరెంటు పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం మూడు దాకా, తొమ్మిది గంటలు, అంటే ముప్పై ఆరు పావుగంటలు. ఒక వరుసలో అరవై సున్నాలు, ముప్పై ఆరు అంకెలు, మళ్లీ అరవై సున్నాలు, ముప్పై ఆరు అంకెలు వస్తున్నాయి. ఇంకేమి కావాలి?

మోటారు నిండుగా నీళ్లు తీసే పావుగంటకు ఒక యూనిటు పైన ఐదు పైసల వంతు, 1.05. దగ్గే పావుగంటకు 0.65. ఈ రెండు అంకెలూ తెలిశాక పట్టిక పుస్తకంలా చదువుకోవచ్చు. రోజూ మొదటి మూడు పావుగంటలు 1.05. నాలుగోది 0.78, ఆ తర్వాతవన్నీ 0.65. అంటే ఆరూ యాభై ప్రాంతంలో దగ్గు మొదలు. పెళ్లికి పోయి మేము మోటారు ఆపిన రెండు రోజులు అన్నీ సున్నాలే. అవి పోను, ఇంకో మూడు రోజులు అట్లా లేదు. ఆ మూడు రోజులూ ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా, పద్నాలుగు పావుగంటలు వరుసగా 1.05.

ఆ మూడు రోజులేమిటో వెంటనే గుర్తొచ్చింది. బావ మోటారు కాలి, వైండింగుకు పోయిన రోజులు.

శుక్రవారం బావ దగ్గరికి వెళ్లి, మీ మీటరు కూడా చదువుకుంటానని అడిగాను.

"సదువుకో. దాసేదేముండాది నా దగ్గర?" అన్నాడు. కొంచెం గట్టిగానే అన్నాడు.

ఆయన మీటరూ మాదాని రకమే. బిల్లు మనిషి మిషను ఏమి అడిగిందో, నేనూ అదే అడిగాను. ఒక్క అక్షరం కూడా నా సొంతంగా కలపలేదు. మీటరు నాలుగు నిమిషాలు జవాబు చెప్పింది. ఇంటికి తెచ్చి చూస్తే, ఆయన మోటారు రోజూ ఆరు దాటిన మొదటి పావుగంటలోనే మొదలవుతోంది. బావ మాత్రం ఎప్పుడూ చెప్పేది వేరు. మా మోటారుకు ఆటో ఉంది, కరెంటు రాగానే దానంతట అదే తిరుగుతుంది. బావకు ఆటో లేదు. పాలు పోసి, నడిచి వెళ్లి, చేత్తో మీట నొక్కుతానంటాడు. ఆ లెక్కన ఆరున్నర దాటాలి.

శనివారం పొద్దున కేంద్రం దగ్గర పదిమంది ఉండగా అడిగేశాను. ఇప్పుడు తలుచుకుంటే, ఇంట్లో అడగాల్సింది.

"బావా, మోటారు ఎన్నింటికి ఏస్తాండావు?"

"నీకు తెలీదా? పాలు పోసి పోయినంక."

"మీటరు అట్ల చెప్పలేదు. ఆరు కొట్టినంక పావుగంట లోపలే ఏస్తాండావంట. అబద్ధమేంటికి బావా?"

ఆయన క్యాను కింద పెట్టాడు. వెనక ఇంకో క్యానుతో నిలబడిన ఆయన భార్య ముందుకు వచ్చింది. ఆమెను నేను అక్కా అంటాను.

"ఆరు దాటిన పావుగంటకు నా మొగుడు యాడుంటాడో నీకు తెలీదామ్మా? నీ ముందర, ఈడ, ఈ కాటా కాడ ఉంటాడు! చీటీ ఇచ్చేది నువ్వు గాదా?" అని కొంగు ముడి విప్పి, చీటీల కట్ట బల్ల మీద పడేసింది. "సదువు. నువ్వే సదువు. మీటరు పెద్దదా, నీ మిషను పెద్దదా?"

పైనున్న చీటీ మీద ఆరూ పదకొండు. దాని కింద ఆరూ ఎనిమిది. ఆరూ పద్నాలుగు. అక్కడి నుంచి ఆయన బోరు ఒకటిన్నర కిలోమీటరు. ఒక మనిషి రెండు చోట్ల ఉండడు. వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పాలు పోయించుకున్నాను, చీటీ ఇచ్చాను. ఆ చీటీ మీద ఆరూ పదమూడు.

కేంద్రం మూసి మళ్లీ పట్టికల ముందు కూచున్నాను. అంకెలు తప్పు కావు, చివరి తోకలు సరిపోయాయి. అయితే తప్పు ఏమిటి? కరెంటు పోయిన సమయాలను మీటరు నిమిషంతో సహా వేరేగా రాసుకుంటుంది. రెండు తోటలకూ ట్రాన్స్‌ఫార్మరు ఒకటే. మాకు కరెంటు పోయిన క్షణమే వాళ్లకూ పోతుంది. మా పట్టికలో మూడు గంటలకు కరెంటు పోయింది. బావ పట్టికలో రెండూ ఇరవై ఆరుకు పోయింది. మధ్యలో జరిగిన కోతలు కూడా చూశాను. పదకొండు కోతలు. పదకొండింటిలోనూ తేడా ముప్పై నాలుగు నిమిషాలు, ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు. బావ మీటరు గడియారం వెనకపడి ఉంది. మీటరు ఆరూ నాలుగు అన్నప్పుడు నిజానికి ఆరూ ముప్పై ఎనిమిది. పాలు పోసి నడిచి వెళ్లిన మనిషి మీట నొక్కే వేళ.

ఈ ఒక్కటి ముందే చూసి ఉండాల్సింది. నా మీటరును పన్నెండు అంకెలతో సరిచూసుకున్నాను. బావ మీటరును దేనితోనూ సరిచూడలేదు. నాకు కావలసిన జవాబు వచ్చింది కాబట్టి చూడలేదు. లెక్కలు చేసేవాళ్లకు ఇంతకు మించిన తప్పు లేదు.

పదిమందిలో అన్న మాటను పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి. సాయంత్రం పాల వేళకు బావ రాగానే చెప్పాను.

"బావా, తప్పు నాది. నీ మీటరు గడియారం ముప్పై నాలుగు నిమిషాలు వెనకుండాది. నేను సూసుకోలే."

ఆయన ఒక్క క్షణం నన్ను చూశాడు. "అంటే నేను దొంగను గాదు. నా మీటరు నిద్రమొగంది. అంతేనా?"

"అంతే బావా."

"ఈ మాట గూడా చీటీ కొట్టియ్యి. ఇంట్లో సూపియ్యల్ల" అన్నాడు. అక్క మాత్రం నవ్వలేదు. ఆ రోజు నవ్వలేదు.

గడియారాలు కలిపాక అసలు కథ ఐదు నిమిషాల్లో బయటపడింది. ఆరింటికి మా ఆటో మోటారును తిప్పుతుంది. ఆరూ ముప్పై ఎనిమిదికి బావ మోటారు మొదలవుతుంది. పన్నెండు నిమిషాలకు మాది దగ్గుతుంది. మరో పన్నెండు, పదమూడు నిమిషాలకు వాళ్లదీ దగ్గుతుంది. ఇక మూడింటి దాకా రెండు మోటార్లూ గాలి పీలుస్తూ తిరుగుతాయి. వాళ్ల మోటారు లేని మూడు రోజులు మాకు మూడున్నర గంటలు నీళ్లు. మేము మోటారు ఆపి, కదిరికి పెళ్లికి పోయిన రెండు రోజులు వాళ్లకు మధ్యాహ్నం దాకా నీళ్లు. బోర్లు రెండైనా కింద నీళ్లు ఒకటే.

ఇంకొకటి కూడా ఉంది. మా మోటారు నిమిషానికి తొంభై లీటర్లు పోస్తుంది, వాళ్లదీ అంతే, బిందెతో కొలిచాను. మాకు యాభై నిమిషాలు నిండు నీళ్లు, చెట్టుకు ముప్పై రెండు లీటర్లు. వాళ్లకు ఇరవై ఐదు నిమిషాలు, చెట్టుకు ఇరవై. ముందుగా లేచి ఎక్కువ తాగుతున్నది మేమే. నలభై రోజులుగా మేము వాళ్లను అనుమానిస్తున్నాం.

చెట్టుకు రోజుకు ఎనభై లీటర్లు కావాలి. మాకు నూట ఇరవై ఐదు నిమిషాలు, వాళ్లకు తొంభై ఎనిమిది. కరెంటు కోతల తర్వాతి పావుగంటలు చూశాను. ఇరవై నిమిషాలు రెండు మోటార్లూ ఆగితే, ఆ తర్వాత ఒక్క మోటారుకు నలభై నిమిషాలు నీళ్లు నిండుగా వస్తాయి. అందుకే వంతులు వేశాను. ఒకరు నలభై నిమిషాలు తీయాలి. ఇరవై నిమిషాలు ఇద్దరూ ఆపాలి. తర్వాత రెండోవాళ్లు నలభై. మాకు నాలుగు వంతులు, వాళ్లకు మూడు. అన్నీ కలిపి ఆరు గంటల నలభై నిమిషాలు. తొమ్మిది గంటల కరెంటులో ఇంకా రెండు గంటల ఇరవై నిమిషాలు మిగులు, కోతలు వచ్చినా పరవాలేదు.

మా ఆయనకు కాగితం చూపించాను. పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు.

"సోమవారమొచ్చే బండిని వద్దనల్లనా?"

"వద్దనమని నేను అడగను. పొద్దున ఒక్కపూట ఆటో తీసెయ్యి. ఒక్కపూట సూసి నువ్వే చెప్పు."

"ఆటో తీసేస్తే మనోళ్లందరూ నవ్వుతారే. కరెంటొచ్చినంక మోటారు ఏసుకోలేనోడంటారు."

"నా మీద ఈ పొద్దు పదిమంది నవ్వినారు. బతికే ఉండా గదా."

ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున పాలపని మా చెల్లెలికి అప్పగించి, తోటకు వెళ్లాను. రాత్రే కాగితం చూపించి వచ్చాను కాబట్టి బావ, అక్క అప్పటికే గట్టు మీద కూచుని ఉన్నారు. బావ ఆ రోజు పాలు పంపించి తాను ముందే వచ్చేశాడు. ఆరింటికి కరెంటు వచ్చింది. మా ఆయన చేత్తో మీట నొక్కాడు. పైపు నిండుగా పారింది. ఆరూ ముప్పై ఎనిమిదికి బావ అలవాటుగా లేవబోయాడు, అక్క చెయ్యి పట్టి కూచోబెట్టింది. ఆరూ నలభై అయింది.

"ఇంగ ఆపు" అన్నాను.

మా ఆయన స్టార్టరు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. నీళ్లు ఒక్క తగ్గుదల లేకుండా పారుతున్నాయి. ముప్పై ఏళ్లుగా సేద్యం చేసిన మనిషి. నీళ్లు వచ్చినప్పుడు తీసుకోవాలి, కరెంటు ఉన్నప్పుడు మోటారు తిరగాలి, అంతే ఆయనకు తెలిసింది. నిండుగా పారే పైపును తన చేత్తో ఆపడం ఎప్పుడూ చేయని పని.

"పారేదాన్ని ఆపమంటావా?" అన్నాడు.

"పారేటప్పుడు ఆపితేనే మళ్లీ పారుతాది."

గట్టు మీది నుంచి బావ అరిచాడు. "ఆపు రా సామీ! నేను గూడా కూచోనే ఉండా గదా!"

మా ఆయన ఆపాడు.

ఆ తర్వాతి ఇరవై నిమిషాలు కరెంటు ఉంది, రెండు మోటార్లూ ఆగి ఉన్నాయి. మా మిట్టన అట్లాంటి వేళ అంతకుముందు లేదు. నేను గడియారం చూస్తూ కూచున్నాను. భయం లేదు. నలభై రోజుల పావుగంటలు నా దగ్గర ఉన్నాయి. ఏడింటికి బావ వెళ్లి మీట నొక్కాడు. పైపు ఒకసారి గాలి ఊదింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వెంటనే నీళ్లు వచ్చాయి. ఏడూ ఇరవై ఐదు దాటింది. అది రోజూ దగ్గు మొదలయ్యేంత సేపు. దగ్గు రాలేదు. ఏడూ నలభైకి బావ మీట ఆపేటప్పుడు కూడా పైపు నిండుగానే ఉంది.

మా ఆయన ఫోను తీసి, గట్టు దిగి, బోరు బండి మనిషికి చెప్పాడు. "రేపు రావద్దప్పా. లేదు, లేదు, బోరు ఎండలేదు. మాకు ఆపేది రాలేదు, అంతే."

ఆ మాట ఆయన ఒప్పుకున్నట్టు నేను విన్నది అదొక్కసారే.

వంతులు వాన వచ్చేదాకా నడిచాయి. మధ్యలో రెండుసార్లు గొడవలయ్యాయి. ఒకసారి మా ఆయన ఐదు నిమిషాలు ఎక్కువ తీశాడు, ఒకసారి బావ నిద్రపోయాడు. రెండూ మీటర్లలో పడ్డాయి, కాబట్టి వాదన సాగలేదు. వారానికొకసారి నేను మూత పట్టుకుని రెండు మీటర్లూ చదివేదాన్ని. బావ మీటరుకు ముప్పై నాలుగు నిమిషాలు కలిపి చదివేదాన్ని. అక్క పక్కన నిలబడి, కలిపినావా అని ప్రతిసారీ అడిగేది.

మొదటి పెద్దవాన పడ్డ రోజు చెట్లు లెక్కపెట్టాం. బావ నూట పదిలో ఒక్కటీ పోలేదు. మా నూట నలభైలో మూడు ఎండాయి. ఆ మూడూ పై వరుసలోవి, నేను మౌసు విప్పకముందే ఆకు రాల్చినవి. వాటినీ నీ లెక్కలోనే రాసుకో అంటాడు మా ఆయన. రాసుకోను.